మారిషస్ నైరుతి భాగంలో ఒక్కరోజు గైడెడ్ యాత్ర: అగ్నిపర్వత నేల, మనవాళ్ల చరిత్ర రెండూ చూడాలంటే ఎలా?

ప్రశ్న – తీరవాసి

అందరికీ నమస్కారం. వచ్చే జులైలో మా నాన్నగారిని, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని మారిషస్ వెళ్తున్నాను. నాన్నగారు కాకినాడలో చాలాకాలం సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. కోరంగి రేవు నుంచి పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్లినవాళ్ల గురించి ఆయన చిన్నప్పటి నుంచి వింటూ వచ్చారు. మా బంధువర్గంలోనే ఒకాయన అలా వెళ్లి మళ్లీ రాలేదని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకొనేవారు. మా అమ్మాయి ఆసక్తి అంతా అగ్నిపర్వతాల మీదనే. ఆ దీవి మొత్తం లావాతోనే ఏర్పడిందని చదివినప్పటి నుంచి, అక్కడ కొండ ఇంకా మండుతూ ఉంటుందా అని రోజూ అడుగుతోంది.

మేము దిగే హోటలు ఉత్తర తీరంలో ఉంది. గైడు, కారు, మధ్యాహ్న భోజనం కలిపి నైరుతి భాగానికి ఒక్కరోజు యాత్ర ఏర్పాటు చేస్తామని వాళ్లు ఒక పట్టిక పంపారు. అందులో క్యూర్‌పిప్ పట్టణంలోని త్రూ ఓ సెర్ఫ్ అగ్నిబిలం, ఓడల నమూనాలు తయారుచేసే చోటు, పన్ను లేని వస్తువుల దుకాణం, గంగా తలావ్, బ్లాక్ రివర్ లోయలు, షామరెల్ జలపాతం, ఏడు రంగుల నేల, రమ్ము తయారీ కేంద్రం, ల మోర్న్ తీరం అన్నీ ఉన్నాయి. ఇన్ని చోట్లకు ఒకే రోజులో వెళితే ఏదైనా నిలిచి చూడగలమా అన్నది నా మొదటి సందేహం. నాన్నగారు నెమ్మదిగా నడవగలరు కానీ ఎక్కువ మెట్లు ఎక్కలేరు. ఈ యాత్రలో తెలుగువారి చరిత్రకు సంబంధించినది ఏదైనా కనిపిస్తుందా, లేక దానికోసం విడిగా మరో రోజు పెట్టుకోవాలా అన్నది రెండో సందేహం. అక్కడ ఉంటున్నవారు, వెళ్లివచ్చినవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం – ఎబెన్‌లో తెలుగువాడు

తీరవాసి గారూ, నమస్కారం. నేను ఉద్యోగరీత్యా ఇక్కడే ఉంటున్నాను. చుట్టాలు, స్నేహితులు వచ్చినప్పుడల్లా ఈ దారిలోనే తిప్పుతుంటాను కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఆ పట్టికలో ముందుగా కొట్టివేయవలసినవి ఓడల నమూనాల చోటు, దుకాణం, రమ్ము కేంద్రం. మొదటి రెండింటిలో గంటన్నర ఇట్టే గడిచిపోతుంది. రమ్ము కేంద్రంలో చెరకు రసం నుంచి సారాయి దాకా జరిగే పనిని చక్కగా చూపిస్తారన్నది నిజమే కానీ, మీతో పాప ఉంది, నాన్నగారి ఓపికా పరిమితమే కాబట్టి ఆ సమయం ల మోర్న్ దగ్గర గడపడం మంచిది. హోటలువారితో ముందే మాట్లాడి, కారు మీ ముగ్గురికే ఉండేటట్టు, గైడు డ్రైవరు మాత్రమే కాక దీవి చరిత్ర చెప్పగలిగినవారై ఉండేటట్టు ఖాయం చేసుకోండి. ఈ యాత్ర బాగుండటం, బాగుండకపోవడం అంతా గైడు మీదనే ఆధారపడి ఉంటుంది. చెప్పేవాళ్లు లేకపోతే అగ్నిబిలం చెట్లు మొలిచిన పెద్ద గుంటలాగా, ల మోర్న్ సముద్రం పక్కన ఫొటోకు పనికొచ్చే కొండలాగా మాత్రమే కనిపిస్తాయి.

ఉత్తర తీరం నుంచి ఉదయం ఏడున్నరకల్లా బయలుదేరండి. ఆలస్యమైతే పోర్ట్ లూయీ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటారు. జులై ఇక్కడ చలికాలం. తీరంలో ఎండ హాయిగా ఉంటుంది కానీ క్యూర్‌పిప్ సుమారు 550 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల అక్కడ మబ్బు, సన్నని జల్లు, చలిగాలి మామూలే. నాన్నగారికి స్వెటరు, అందరికీ గొడుగులు తప్పనిసరి. త్రూ ఓ సెర్ఫ్ అంచు చుట్టూ చదునైన దారి ఉంది, మెట్లు ఎక్కనక్కరలేదు. బిలం సుమారు 300 మీటర్ల వెడల్పు, 80 మీటర్లకు పైగా లోతు ఉంటుంది. లోపలి వాలంతా చెట్లే, అడుగున చిన్న మడుగు. పాపను అక్కడితో ఆపకుండా వెనక్కి తిప్పి, దూరంగా వరసగా కనిపించే మొనదేలిన కొండలను చూడమనండి. చిన్నగా కనిపించే ఈ బిలం కంటే ఆ కొండలు ఎంతో పాతవి, మొదట్లో ఉన్న మహా అగ్నిపర్వతానికి మిగిలిన అంచులు.

అక్కడి నుంచి గంగా తలావ్ సుమారు అరగంట ప్రయాణం. ఇదీ అగ్నిబిలంలో నిలిచిన సరస్సే. 1897లో త్రియోలే గ్రామానికి చెందిన ఒక పూజారికి, ఈ నీరు గంగతో కలిసి ఉన్నట్టు కల వచ్చిందని, అప్పటి నుంచి యాత్ర మొదలైందని ఇక్కడ అందరూ చెబుతారు. 1972లో గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. మహాశివరాత్రికి దీవి నలుమూలల నుంచి లక్షలమంది కావళ్లు మోసుకుంటూ నడిచి వస్తారు. ఒడ్డుకు ముందే రోడ్డు పక్కన 108 అడుగుల మంగళ మహాదేవ విగ్రహం కనిపిస్తుంది. గైడు అక్కడ ఫొటో తీసి బయలుదేరదామంటే ఒప్పుకోకండి. సరస్సు ఒడ్డుకు దిగి, నీటి అంచున కాసేపు కూర్చోండి. పండ్లు, కొబ్బరి చేతిలో కనిపించేలా పట్టుకోకండి, కోతులు లాక్కుంటాయి.

తర్వాతి దారి బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానవనం అంచు వెంట సాగుతుంది. 1994లో ఏర్పడిన ఈ ఉద్యానవనంలోనే దీవికి సొంతమైన అడవిలో మిగిలిన భాగం చాలావరకు ఉంది. మంచి స్థితిలో ఉన్న సొంత అడవి దీవి మొత్తం మీద రెండు శాతం కూడా లేదు. డచ్చివారు నల్లటి చేవ ఉండే ఎబొనీ కలప కోసం నరికినది కొంత, తర్వాత చెరకు కోసం నరికినది మిగతాది. లోయ కనిపించే చోట గైడును ఒక చిన్న చెట్టు చూపించమనండి. ఎర్రటి చిన్న జామకాయలు కాసే పొద అది. జులై వచ్చేసరికి కాయలు ముగింపుకొస్తాయి కానీ, ఉప్పు, మిరపకారం అద్ది పొట్లాలలో అమ్మేవారు ఇంకా కనిపించవచ్చు. రుచి అమోఘం. బయటి నుంచి వచ్చిన ఆ పొదే ఇక్కడి మొక్కలను మొలవనివ్వకుండా అడవిని కమ్మేస్తోంది. ఉద్యానవన సిబ్బంది ఎన్నో ఏళ్లుగా దాన్ని పీకి కంచెలు వేసి, లోపల సొంత జాతులను తిరిగి పెంచుతున్నారు. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ 1974 నాటికి ప్రకృతిలో నాలుగే మిగిలింది. ఇవాళ వందల సంఖ్యలో ఉంది. గులాబీ రంగు పావురమూ అంతే, 1990 ప్రాంతంలో పదికి దగ్గరగా పడిపోయి మళ్లీ కోలుకుంది. డోడో కథ పాపకు పుస్తకాల్లో ఎలాగూ దొరుకుతుంది. బతికి బయటపడ్డ ఈ పక్షుల కథ చెప్పమని గైడును మరీ మరీ అడగండి.

షామరెల్‌లో జలపాతాన్ని పైనున్న చోటు నుంచే చూడవచ్చు. ఏడు రంగుల నేల చుట్టూ కంచె వేశారు, చెక్క వంతెన దారి మీద నుంచి చూడాలి. అక్కడ తాబేళ్లు కూడా ఉంటాయి. మధ్యాహ్న భోజనం షామరెల్ గ్రామంలోనే ఏర్పాటు చేయించుకోండి. శాకాహారమైతే ముందురోజే చెప్పాలి.

చివరగా ల మోర్న్. 556 మీటర్ల ఎత్తున్న ఆ రాతికొండ మీదికి నాన్నగారు ఎక్కనక్కరలేదు. పైభాగం రాళ్లు పట్టుకుని పాకవలసినంత నిటారుగా ఉంటుంది. కొండ పాదం దగ్గర, సముద్రం వైపు, బానిసత్వ స్మారక శిల్పాలున్న స్థలానికి తీసుకెళ్లమనండి. తోటల నుంచి తప్పించుకున్న బానిసలు ఈ కొండ గుహల్లో, చదును శిఖరం మీద దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ వార్త చెప్పడానికి వచ్చిన పోలీసులను చూసి తమను పట్టుకోవడానికే వచ్చారని భావించి, చాలామంది కొండ మీద నుంచి దూకి ప్రాణాలు విడిచారని ఆ బానిసల సంతతివారైన క్రియోల్ ప్రజల నోట తరతరాలుగా వస్తున్న కథ. 2008లో యునెస్కో ఈ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన పూర్వీకులు ఇక్కడికి రావడానికి కారణమూ ఈ కొండ దగ్గరే మొదలవుతుంది. బానిసలు విడుదలయ్యాక తోటలకు కూలీలు కావలసి వచ్చి, భారతదేశం నుంచి ఒప్పందం మీద మనుషులను తీసుకురావడం మొదలుపెట్టారు.

సాయంత్రం తీరం దగ్గర సెగా అనే ఇక్కడి సంగీతం వాయించేవాళ్లు కనిపిస్తే తప్పక ఆగండి. మేకతోలు బిగించిన రవాన్ అనే వాద్యాన్ని, మన డప్పు కళాకారులు చేసినట్టే, మొదలుపెట్టే ముందు మంట దగ్గర పెట్టి వెచ్చచేస్తారు. తోలు బిగిసిందో లేదో వేళ్లతో తట్టి వినడం, మళ్లీ సెగకు పట్టడం పాపకు దగ్గరనుంచి చూపించండి. బానిసల మధ్య పుట్టిన ఆ పాటనూ ఆటనూ 2014లో యునెస్కో గుర్తించింది. హోటళ్లలో భోజనాల వేళ వేసే ప్రదర్శన కంటే ఇది ఎంతో మేలు.

సమాధానం – నల్లరాయి

పైన చెప్పినవి చాలా బాగున్నాయి. నేను రాజమహేంద్రవరంలో భూగర్భశాస్త్రం బోధిస్తాను కనుక మీ అమ్మాయి ప్రశ్నకు సమాధానం చెప్పాలనిపించింది.

మారిషస్‌లో ఇప్పుడు ఏ కొండా మండటం లేదు. ఆ దీవి సముద్రం మీదికి వచ్చి సుమారు 80, 90 లక్షల ఏళ్లు అవుతోంది. మొదటి దశలో ఒక విశాలమైన అగ్నిపర్వతం పెరిగింది. అది కూలి, కోతకు గురైన తర్వాత మరికొన్ని దశల్లో లావా పొంగింది. చిట్టచివరి పొంగులు సుమారు 25, 30 వేల ఏళ్ల కిందటివి. మండుతున్న కొండను చూడాలంటే పక్కనే, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రీయూనియన్ దీవికి వెళ్లాలి. అక్కడి పితోన్ ద ల ఫూర్నేజ్ ప్రపంచంలో తరచుగా రాజుకునే అగ్నిపర్వతాల్లో ఒకటి.

ఈ రెండు దీవుల కింద పనిచేసినది ఒకటే కొలిమి. భూమి లోతుల నుంచి వేడి పైకి తన్నుకొచ్చే ఆ చోటు దాదాపు కదలకుండా ఉంటే, దానిమీది భూఫలకం నెమ్మదిగా ఈశాన్యానికి జరుగుతూ వచ్చింది. అందువల్ల ముందు మారిషస్, తర్వాత రీయూనియన్ ఏర్పడ్డాయి. ఇదే వరసలో ఇంకా వెనక్కి వెళితే మాల్దీవులు, లక్షదీవుల కింది రాతిగట్టు, ఆపైన మన దక్కను పీఠభూమి వస్తాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భారతదేశం ఆ కొలిమి మీదుగా జరుగుతున్నప్పుడు పొంగిన లావాయే దక్కను నల్లరాయి అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆదిలాబాద్ నల్లరేగడి, వికారాబాద్ అనంతగిరి కొండల కింది రాయి అదే. గోదావరి దగ్గర కాతేరులో, అవతలి గట్టున పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయీ అదే కుటుంబానికి చెందినది. లావా పొరల నడుమ గవ్వల శిలాజాలున్న సున్నపురాయి కనిపించే ఆ క్వారీలను మా విద్యార్థులకు ప్రతి ఏటా చూపిస్తాము. కాకినాడలో పెరిగిన మీ నాన్నగారికి త్రూ ఓ సెర్ఫ్ దగ్గరి రాయి చేతికి అందితే, దాని బరువు, రంగు కొత్తగా అనిపించవు.

మీ యాత్ర దారికి ఇంకో మంచి లక్షణం ఉంది. క్యూర్‌పిప్ బిలం, గంగా తలావ్ రెండూ చివరి దశలో పుట్టినవి. అక్కడి నుంచి పడమరకు, దిగువకు వెళ్తున్నకొద్దీ పాత రాతిలోకి దిగుతారు. ల మోర్న్ మొదటి అగ్నిపర్వతపు శిథిలం. అంటే ఉదయం చిన్న వయసు లావా దగ్గర మొదలై సాయంత్రానికి దీవి పుట్టినప్పటి రాయిని తాకుతారు. అమ్మాయికి ఇది ముందే చెప్పి, ఒక్కోచోట రాయిలో, మట్టిలో తేడా గమనించి నోటుబుక్కులో రాసుకోమనండి. తాజా నల్లరాయిలో వాయువు బుడగలు వదిలిన గుంటలు ఉంటాయి. పాత రాతి మీద ఎర్రటి తుప్పు పొర ఉంటుంది.

ఏడు రంగుల నేల గురించి గైడ్లు రకరకాలుగా చెబుతుంటారు. జరిగింది ఇది. వేడి, వాన బాగా ఉన్న చోట నల్లరాయి లక్షల ఏళ్లు కుళ్లి బంకమట్టి అవుతుంది. నీటిలో కరిగేవన్నీ కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. ఇనుము ఎరుపు, గోధుమ ఛాయలను, అల్యూమినియం నీలి, ఊదా ఛాయలను ఇస్తాయని సాధారణంగా వివరిస్తారు. పోషకాలు మిగలని ఆ మట్టిలో మొక్క మొలవదు, అందుకే గుట్టలు బోసిగా ఉంటాయి. జహీరాబాద్, వికారాబాద్ వైపు కనిపించే ఎర్రటి జేగురురాయి కూడా దక్కను నల్లరాయి ఇలా కుళ్లగా ఏర్పడినదే. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ రంగులు బాగా విడివడి కనిపిస్తాయి. మీరు మధ్యాహ్నానికి చేరతారు కనుక రంగులు ఫొటోల్లో చూసినంత ముదురుగా లేకపోతే నిరుత్సాహపడవద్దని అమ్మాయికి చెప్పండి.

మరో రోజు దొరికితే దక్షిణాన సూయాక్ దగ్గరి గ్రి గ్రి చూడండి. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ అక్కడ లేకపోవడంతో అలలు నేరుగా నల్లరాతి గోడను కొడతాయి. కొద్ది దూరంలో రోచెస్టర్ జలపాతం దగ్గర లావా చల్లారుతూ నిలువు స్తంభాలుగా పగిలిన తీరు చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

సమాధానం – ఐదో తరం

తీరవాసి గారికి, మీ నాన్నగారికి నమస్కారాలు. నేను మారిషస్‌లో పుట్టిన తెలుగు కుటుంబంలో ఐదో తరానికి చెందినదాన్ని. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, చదువుకున్నది ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు రాయడం బడిలోను, తర్వాత మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలోను నేర్చుకున్నాను. వాక్యాల్లో తేడాలుంటే పెద్దమనసుతో సరిదిద్దండి.

ఆ ఒక్కరోజు యాత్రలో మన చరిత్ర కనిపిస్తుందా అని అడిగారు. పట్టికలో దాని పేరు ఉండదు, కానీ దారి పొడవునా కనిపిస్తుంది. చెరకు చేల మధ్య నల్లరాళ్ల గుట్టలు చూస్తారు. కొన్ని ఇంటి కప్పు కంటే ఎత్తు, అంచులు గోడలాగా పేర్చినవి. లావా దీవిలో భూమి అంటే మట్టికంటే రాయే ఎక్కువ. చెరకు నాటాలంటే ముందు ఆ రాళ్లను ఒక్కొక్కటిగా పెళ్లగించి, ఎత్తి, ఒకచోటికి మోయాలి. బానిసలు మోశారు, వారి తర్వాత మన ముత్తాతలు మోశారు. మా నాయనమ్మ కారులో వెళ్తున్నప్పుడు ఆ గుట్టలను చూస్తే చేతులు జోడించేది. జులైలో చెరకు కోత మొదలై ఉంటుంది కాబట్టి, కోసిన చేలలో ఆ గుట్టలు స్పష్టంగా కనిపిస్తాయి. చెరకు ఎత్తుగా ఉన్న నెలల్లో సగం దాగిపోతాయి. దయచేసి ఎక్కడో ఒకచోట కారు ఆపించి, నాన్నగారిని దిగి చూడనివ్వండి. ఏ గైడూ తనంతట తాను ఆపడు.

మన పండుగల సంగతి కూడా ఆయనకు సంతోషం కలిగిస్తుంది. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు. సింహాద్రి అప్పన్నకు పూజ చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. గుళ్లలో రామభజన జరుగుతుంది. వెలిగించిన దీపస్తంభం చుట్టూ ఆడవాళ్లు, మగవాళ్లు తిరుగుతూ, అడుగు వేస్తూ, రాత్రి పొద్దుపోయేదాకా పాడతారు. పాడేవారిలో కొందరికి తెలుగు మాట్లాడటం రాదు, పాటలు మాత్రం అమ్మమ్మల దగ్గర నేర్చుకున్నవి, ఒక్క పదం తప్పిపోదు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మా దేశంలోనే జరిగినప్పుడు మా ఊరినుంచి బస్సులు కట్టుకుని వెళ్లారని నాన్న చెబుతారు. మీరు వచ్చే వారంలో ఏ గుడిలో భజన ఉందో తెలుసుకుని చెప్పగలను. టూరిస్టుల కోసం చేసేది కాదు కనుక, వచ్చేవాళ్లు కాళ్లు కడుక్కుని లోపల కూర్చుని వింటే చాలు, ప్రసాదం తినకుండా వెళ్లనివ్వరు.

ఇక మీ బంధువు సంగతి. దీనికి విడిగా ఒక రోజు పెట్టుకోమనే నా సలహా. పోర్ట్ లూయీ రేవు ఒడ్డున ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1849లో అక్కడ కూలీల డిపో ఏర్పడింది. దీవికి వచ్చినవాళ్లు ఓడ దిగి, పదహారు రాతిమెట్లు ఎక్కి లోపలికి వచ్చేవారు. ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. అవీ నల్లరాతి మెట్లే. ఒప్పంద కాలమంతా కలిపి దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఇక్కడికి వచ్చారు. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. పక్కనే ఉన్న ప్రదర్శనశాలలో ఓడ లోపలి గది నమూనా, గుర్తింపు చీట్లు ఉన్నాయి. వలస వచ్చినవాళ్ల రిజిస్టర్లు మాత్రం మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఎత్తు, వంటి మీది పుట్టుమచ్చలు దాకా రాసిన పుటలు, 1860ల తర్వాత వచ్చినవారిలో చాలామందివి ఫొటోలు కూడా ఉన్నాయి. వెతకాలంటే ముందుగా వారికి రాసి అనుమతి, సమయం తీసుకోవాలి. మీకు తెలిసిన పేరు, ఇంటిపేరు, ఊరు, వెళ్లిన సుమారు సంవత్సరం ఇంగ్లీషులో రాసి పంపండి. అప్పటి గుమాస్తాలు తెలుగు పేర్లను చెవికి విన్నట్టు రాసుకున్నారు కాబట్టి ఒక్కో పేరుకు నాలుగైదు రకాల స్పెల్లింగులు ఊహించి పెట్టుకోండి. మా కుటుంబం పుట దొరికినప్పుడు ఊరి పేరు సరిగా చదవడానికే ఎంతో సమయం పట్టింది, చివరికి విశాఖ జిల్లా పటం ముందు పెట్టుకుంటే తేలింది.

తీరవాసి

ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మీ సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. రాళ్లగుట్టల గురించి రాసిన భాగాన్ని ఆయన మళ్లీ చదవమన్నారు. బంధువు పేరు, ఇంటిపేరు ఆయనకు తెలుసు, సంవత్సరం మాత్రం 1839 తుపానుకు ముందా తర్వాతా అన్నదే ఇంట్లో ఎప్పుడూ తేలలేదట. నైరుతి యాత్రకు ఒక రోజు, పోర్ట్ లూయీకి, మోకాకు ఇంకొక రోజు పెట్టుకుంటున్నాము. షాపింగ్, రమ్ము కేంద్రం తీసేయమని హోటలుకు రాశాను. ఒక్క సందేహం మిగిలింది. యాత్ర రోజున వాన ముసురు పట్టితే ఏం చేయాలి?

ఎబెన్‌లో తెలుగువాడు

పీఠభూమి మీద వాన కురుస్తున్నప్పుడు ల మోర్న్ వైపు ఎండ కాయడం ఇక్కడ సర్వసాధారణం. కనుక యాత్ర మానుకోకండి, క్రమం తిప్పేయండి. ఉదయాన్నే పడమటి తీరం దారిలో ల మోర్న్ వెళ్లి, అక్కడి నుంచి షామరెల్‌కు పైకి ఎక్కి, మధ్యాహ్నం తర్వాత గంగా తలావ్, చివర క్యూర్‌పిప్ చూడండి. నల్లరాయి గారు చెప్పిన వరస తలకిందులవుతుంది, పాప అప్పుడు పాత రాయి నుంచి కొత్త రాయికి వస్తుంది. క్యూర్‌పిప్‌లో మంచు కమ్మి బిలం అడుగు కనిపించకపోతే పావుగంట ఆగండి, గాలికి ఇట్టే విడిపోతుంది.

1839కి ముందు వెళ్లారేమోనన్నది ముఖ్యమైన విషయం. ఆ ఏడాది నవంబరు తుపానుకు కోరంగి రేవు బాగా దెబ్బతింది. అదే కాలంలో ప్రభుత్వం వలసను కొన్నేళ్లు నిలిపివేసి, 1842 తర్వాత మళ్లీ అనుమతించింది. తుపానుకు ముందు వెళ్లినవారైతే కోరంగిలోనే ఎక్కి ఉండవచ్చు, వలస మళ్లీ మొదలయ్యాక వెళ్లినవారైతే మద్రాసు ఓడల జాబితాల్లో వెతకాలి. మోకాకు రాసే ఉత్తరంలో ఈ రెండు అవకాశాలూ వివరంగా చెప్పండి, వెతికేవారికి పని సులువవుతుంది.

ఐదో తరం

అవునండి, రెండు కాలాలూ రాయండి. మీ తేదీలు తెలిపితే ఆ వారం భజన ఏ గుడిలోనో కనుక్కుని ఇక్కడే రాస్తాను. ఆ సాయంత్రం భోజనం మా ఇంట్లోనే. అరటాకులో ఏడు కూరలతో పెడతాము. నాన్నగారికి కారం ఎంతవరకు పడుతుందో ముందే చెప్పండి.